రాణి రూపాయి మీది పసుపు పెచ్చు

రెండు వేల ఇరవై రెండు, ఉగాది వెళ్ళి పది రోజులు అయి ఉంటుంది. ఆదోని పాతబజారులో మా అంగడి. ముందు భాగమంతా ఇత్తడి బిందెలు, కంచు గంటలు, పూజ సామాన్లు. వెనక గల్లాపెట్టె పక్కన ఒక అద్దాల బల్ల ఉంటుంది. ఆ అద్దం కింద పాత నాణేలు. అంగడి మా నాయనది, నాణేల పిచ్చి కూడా ఆయనదే. నాకు అన్నదమ్ములు లేరు కాబట్టి రెండూ నాకే వచ్చాయి. మా ఆయనది పత్తి వ్యాపారం. "నేను క్వింటాళ్ళలో బేరం చేస్తాను, నువ్వు గ్రాముల్లో చేస్తావు. మాటలు మాత్రం నీకే ఎక్కువ ఖర్చవుతాయి" అంటుంటారు. అందులో నిజం ఎంతో ఈ సంగతి చదివాక మీకే తెలుస్తుంది.

నాణేల బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళలో ఈ మధ్య ఎక్కువమంది ఫోన్ చూసి వస్తున్నారు. ఫలానా రూపాయి మీ ఇంట్లో ఉంటే మీరు లక్షాధికారులే అని ఎవరో ఒక వీడియోలో చెప్తాడు. ఆ రూపాయి పట్టుకుని కొండంత ఆశతో వస్తారు. అది రూపాయికే చెల్లుతుందని చెప్పేసరికి నేనే వాళ్ళ లక్షలు మింగినట్టు చూస్తారు. వాళ్ళకు మజ్జిగ ఇచ్చి పంపించడం అలవాటు చేసుకున్నాను. ఎండన పడి వచ్చింటారు, పాపం.

ఇంకో రకం వాళ్ళు నిజంగానే పాత నాణెం తెస్తారు, కానీ కడిగి తెస్తారు. బూడిదతో తోముతారు, నిమ్మకాయతో రుద్దుతారు, వంటసోడాలో ఉడకబెడతారు. పళ్ళుతోముకునే పేస్ట్ పట్టించి బ్రష్‌తో తోమి తెచ్చిన పంతులుగారు ఒకాయన ఉన్నారు. మంచి బేరం రావాలంటే శుభ్రంగా ఉండాలనుకుంటారు. వెండి మీద ఏళ్ళ తరబడి గాలి తగిలి నల్లగానో, నీలంగానో ఒక పొర వస్తుంది. దాన్ని మేము టోనింగ్ అంటాం. అది మురికి కాదు, ఆ నాణెం వయసు. దాన్ని తోమేసిన నాణెం తలకు రంగేసుకున్న పెళ్ళికొడుకులా ఉంటుంది. చూడగానే బాగానే ఉంటాడు, రెండోసారి చూస్తేనే అనుమానం వస్తుంది. అందుకని ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. నాణేన్ని తోమకండి. మరీ మట్టి ఉంటే మంచినీళ్ళలో కాసేపు వేసి, మెత్తని గుడ్డ మీద పెట్టి ఆరనివ్వండి. తుడవను కూడా తుడవొద్దు.

ఇంత తెలిసిన దాన్ని, ఆ రోజు నేనే రెండోసారి చూడకుండా మాట జారాను.

మధ్యాహ్నం పన్నెండు దాటింది. కరెంటు లేదు. విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నాను. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ముందు వచ్చినామెకు యాభై ఏళ్ళుంటాయి. ఎండకు నల్లబడిన మొహం, మిరపకాయల ఘాటుకు పొట్టు లేచిన వేళ్ళు. వెనక ఒక అమ్మాయి, ఇరవై ఏళ్ళు కూడా ఉండవేమో. చేతిలో బట్టల సంచి. ఆమె మెట్ల దగ్గరే నిలబడిపోయింది, లోపలికి రాలేదు.

పెద్దామె రొంటిన దోపుకున్న గుడ్డసంచి తీసి, అందులోంచి ఒక బిళ్ళ తీసి అద్దం మీద పెట్టింది.

"శెట్టెమ్మా, ఇది పాత రూపాయో, దొంగ రూపాయో చెప్పు."

నేను లేవలేదు. కూర్చున్నచోటి నుంచే తొంగి చూశాను. తెల్లగా ఉంది. మెరుపు లేని తెలుపు, సున్నం కొట్టిన గోడలాగ. పైభాగం కాస్త గరుకుగా కూడా కనబడింది. ఇంగ్లీషు రాణి బొమ్మతో సంతల్లో అమ్మే నకిలీ రాణి రూపాయలు అచ్చం అట్లాగే ఉంటాయి. వారానికి నాలుగు నా బల్ల మీదికి వస్తాయి.

"ఇది నిన్నో మొన్నో పోసినట్టుండాదే తల్లీ. పాతది మాదిరి లేదు" అన్నాను.

ఆమె నావైపు చూడలేదు. వెనక్కి తిరిగి మెట్ల మీది అమ్మాయితో అంది.

"వింటివా శిరీషా? నేనంటే అత్తను, నీ మీద చెప్తానేమో. ఈయమ్మకు నీతో ఏం పగ?"

"నేను మార్చలేదత్తా" అంది ఆ అమ్మాయి. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"రూపాయి సంగతి ఏంది?" అని అడిగాను. అడగాల్సింది ముందు, అడిగింది తర్వాత.

పెద్దామె పేరు ఈరమ్మ. కోసిగి పక్క పల్లె. ఆమె చెప్పింది ఇది.

"మా ఇంటి దేవుని రూపాయి శెట్టెమ్మా. మా అత్త నాకిచ్చె, ఆయమ్మకు వాళ్ళ అత్త ఇచ్చె. అమాసకు అమాసకు పసుపు పూసి కుంకుమ పెడతాం. నీళ్ళు తగిలియ్యం. నల్లగ, లావుగ, చేతిలో పెట్టుకుంటే బరువుగ ఉండె. మేము సుగ్గికి పోతిమి, నేను, నా కొడుకు. ఎనుములకు మేత వేయాలని ఈ పిల్లను ఇంటికాడ పెట్టి పోతిమి. నాలుగు నెలలకు నేను వచ్చి చూస్తే మా రూపాయి లేదు, ఈ తెల్ల బిళ్ళ ఉండాది. నడుమ వీళ్ళ నాయన వచ్చి రెండు దినాలుండి పోయినాడంట."

సుగ్గి అంటే మా పడమటి పల్లెల్లో పంట కోతలకు వలస పోవడం. వానలు లేని ఏడు ఇళ్ళకు తాళాలు వేసి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి లారీలెక్కుతారు. ఆమె కొడుకు ఇంకా అక్కడే ఉన్నాడు, చివరి కోత కోసం. కోడలిది మైదుకూరు దగ్గరి పల్లె, దూరపు సంబంధం. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు.

"కంసలాయన చెప్పె, ఆదోనిలో పాత దుడ్లు చూసే శెట్టెమ్మ ఉండాది, కోడల్ని పంపించే ముందర ఆమె నోట ఒక మాట ఇను అని. వింటి. ఇంగ చాలు. దీన్ని పుట్టింటికి బస్సెక్కిచ్చి నేను ఊరికి పోతా. దేవున్ని అమ్ముకున్న దానితో ఒక ఇంట్లో ఎట్ల తింటా?"

ఆ ఒక్క మాట కోసం వాళ్ళు వచ్చారు. నేను ఆ మాట విసనకర్ర విసురుకుంటూ, లేచి నిలబడకుండా, నాణెం చేతిలోకి తీసుకోకుండా అన్నాను. ఆ అమ్మాయి పుట్టింటికి పోయేదీ లేనిదీ నా నోట్లో ఉందని నాకు తెలియకపోవచ్చు. తెలియకపోతే నోరు మూసుకోవాలి కదా.

"కూర్చో ఈరమ్మా. నేను చూడకుండా అన్నా. చూసి చెప్తా" అన్నాను.

"ఒకసారి అన్నమాట ఇంగోసారి మారుస్తావా?"

"తప్పయితే మారుస్తా. నీళ్ళు తాగు. నువ్వు కూడా లోపలికి రా పాపా."

అమ్మాయి అత్త మొహం చూసింది. లోపలికి వచ్చి బిందెల పక్కన నిలబడింది.

నాణేన్ని అంచు పట్టుకుని తీశాను. నాణెం ఎప్పుడైనా అంచునే పట్టుకోవాలి, మొహం మీద వేళ్ళు పెట్టకూడదు. నకిలీ చాలావరకు అంచు దగ్గరే దొరికిపోతుంది. నకిలీ రూపాయలను మూసలో పోస్తారు, దాన్ని కాస్ట్ అంటాం. రెండు సగాలూ కలిసినచోట అంచు చుట్టూ సన్నని అతుకు గీత ఉంటుంది. టంకశాలలో చేసింది డై స్ట్రక్, అంటే అచ్చుపెట్టి కొట్టింది. దాని అంచున నిలువు గాట్లు సమానంగా, తెగకుండా ఉంటాయి. ఈ రూపాయికి గోరు పెట్టి చుట్టూ తిప్పాను. అతుకు లేదు. గాట్లు అరిగి ఉన్నాయి గాని వరస తప్పలేదు.

అయస్కాంతం పెట్టాను, అంటలేదు. బ్యాటరీ త్రాసు మీద తూకం వేశాను, పదకొండు గ్రాముల నలభై పాయింట్లు. టంకశాలలోంచి వచ్చినప్పుడు రాణి రూపాయి పదకొండు గ్రాముల అరవై ఆరు. నూట యాభై ఏళ్ళ పైబడిన రూపాయికి ఆ పాటి అరుగుదల ఉండాలి. అచ్చంగా అరవై ఆరు చూపించి ఉంటేనే నాకు భయం వేసేది.

చివరిది నీళ్ళ పరీక్ష. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి, అంకె సున్నాకు తెచ్చి, నాణేన్ని దారంతో కట్టి అడుగు తగలకుండా నీళ్ళలోకి వేలాడదీయాలి. అప్పుడు త్రాసు చూపించే అంకెతో నాణెం బరువును భాగిస్తే, రాణి రూపాయి వెండికి పది దాటి కాస్త రావాలి. జర్మన్ సిల్వర్ అనే మిశ్రమ లోహంతో చేసినదైతే ఎనిమిది, తొమ్మిది దగ్గర ఆగిపోతుంది.

దారం పట్టుకోబోతే ఈరమ్మ ఆపింది. "నేను పట్టుకుంటా. మా దేవుడు కదా."

ఆమె చేయి వణికింది. అంకె ఒకచోట నిలవలేదు. రెండుసార్లు చూశాక, "శిరీషా, నువ్వు పట్టుకోమ్మా" అన్నాను. ఈరమ్మ దారం వదిలేసింది, వద్దనలేదు. ఆ పిల్ల చేయి కదలలేదు. ఒక గ్రాము పది పాయింట్లు చూపించింది. కాగితం మీద భాగించాను. పది దాటింది.

కన్నుకు లూప్ పెట్టుకున్నాను. లూప్ అంటే మా చిన్న భూతద్దం, పది రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. నాణెం మొహం మీద సన్నని గీతలు ఉన్నాయి, అన్నీ ఒకేవైపు. ఎవరో పట్టుగా తోమిన గీతలు. వాటి కింద చిన్న చిన్న గుంటలు. ఏళ్ళ తరబడి తడి తగిలి వెండిని తిన్న గుంటలు అవి, పోతలో వచ్చినవి కావు. నేను దూరం నుంచి చూసి గరుకు అనుకున్నది ఇదే. వెనకవైపు పూలతీగ మలుపులో ఎర్రగా ఒక పీచు ఇరుక్కుని ఉంది.

రోజూ పొద్దున మా ఇంట్లో రాగిచెంబు తోమేది నేనే. ఆ పీచు ఏమిటో నాకు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అంగట్లో కూర్చునేసరికి వంటిల్లు మరిచిపోయాను.

"చింతపండుతో తోమినావా పాపా?"

"అవునమ్మా" అంది. "మా ఊర్లో శుక్రవారం శుక్రవారం దేవుని సామాన్లతో పాటు రూపాయిని గూడా చింతపండేసి తోముతారు. మాసి ఉంటే అమ్మోరికి కోపమొస్తాదని మా అమ్మ చెప్తాంటాది. ఈడ చూస్తే శానా నల్లగుండాది. పండగకు అత్త వచ్చేసరికి తళతళా ఉండాలని ఉడుకునీళ్ళలో వేసి తోమినా. అత్తకు ఆ పొద్దే చెప్పినా."

"చెప్పింది శెట్టెమ్మా, చెప్పలేదని అంటానా? కడిగితే నల్లది తెల్లగైతాది, సరే. బొమ్మ యాడనుంచి వచ్చె? మా రూపాయికి బొమ్మ లేదు. ముప్పై ఏండ్లు ఈ చేతుల్తో పసుపు పూసినా, నాకు తెల్దా? దీని మీద ఎవురో ఆడమనిషి ఉండాది."

అప్పుడు నాకు అర్థమైంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ముప్పై ఏళ్ళలో ఆమె ఆ రూపాయిని ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె చూసింది పసుపునే. ఆమె అత్త చేతుల్లోనే ఆ పసుపూ కుంకుమా దీపం నూనెతో, మసితో కలిసి మాడిన రొట్టె చెక్కులా గట్టిపడిపోయి ఉంటాయి. ఒక ఇంట్లో నీళ్ళు తగిలితే దేవునికి అపచారం. ఇంకో ఇంట్లో తోమకపోతే అపచారం. ఇద్దరూ భక్తితోనే చేశారు.

"ఈరమ్మా, నేను తప్పన్నాను. ఇది నకిలీ కాదు. పద్దెనిమిది వందల అరవై రెండో సంవత్సరం వేసిన అసలైన వెండి రూపాయి" అన్నాను.

ఆమె ఆలోచించింది. తర్వాత అడిగిన ప్రశ్న ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు.

"ఇది మంచి రూపాయే కావచ్చు శెట్టెమ్మా. మా రూపాయి ఇదేనా? మాదాన్ని యాడనో ఇచ్చి ఇంగొకటి తెచ్చి పెట్టింటే?"

ఆ ఏడాది వేసిన రూపాయలకు లెక్కలేదు, పాత నాణేల్లో అంత సులభంగా దొరికేది ఇంకోటి ఉండదు. త్రాసు, అయస్కాంతం, లూప్, అన్నీ ఇది ఏ రూపాయో చెప్తాయి. ఎవరి రూపాయో చెప్పే పరికరం నా బల్ల మీద లేదు. ఆ పిల్లకు కావలసింది మాత్రం ఆ రెండో జవాబే.

మళ్ళీ లూప్ పెట్టుకుని వెనకవైపు వెతికాను. పూలతీగకు కింద ఒక గుర్తు కనబడింది. చిన్న అర్ధచంద్రుడు, దాని ఒడిలో ఒక చుక్క, లోతుగా దిగి ఉంది. దాన్ని షరాఫ్ మార్క్ అంటాం. వెనకట డబ్బు మార్చే షరాబులు తమ చేతికి వచ్చిన రూపాయిని పరీక్షించి, మంచిదేనని తేలితే తమ గుర్తు కొట్టేవాళ్ళు. ఇప్పటి సేకర్తలకు అది లోపం. గాయం ఉందని ధర తగ్గించి అడుగుతారు. ఏ షరాబు గుర్తు వాడిదే. అదే చోట, అదే వాలున అదే గుర్తు ఇంకో రూపాయి మీద ఉండడం దాదాపు జరగదు.

"మీ రూపాయి మీద ఇట్లాంటి గుంట ఉండేదా ఈరమ్మా?"

"పసుపు కింద ఏముండాదో నాకేం తెలుసు?"

పసుపు కింద. ఆ మాట దగ్గర నేను ఆగాను. గుంట ఉన్నచోట పసుపు పూస్తే గుంట నిండుతుంది. నిండి గట్టిపడితే ఆ పసుపుకు గుబ్బ వస్తుంది.

"శిరీషా, ఊడిన పసుపు ఎట్ల ఊడింది? నీళ్ళలో కరిగిపోయిందా?"

"లేదమ్మా. ఉడుకునీళ్ళలో వేస్తానే పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. రూపాయిని తీసి తోమినా."

"ఆ పెచ్చులు యాడ పోసినావు?"

ఆ పిల్ల మొదటిసారి నా కళ్ళలోకి చూసింది, నేనేదో అనరాని మాట అన్నట్టు.

"పోసేదేందమ్మా? అమ్మోరికి పెట్టిన పసుపు కుంకుమ కదా. తొక్కేచోట ఎట్ల పోస్తా? ఆరబెట్టి మూట కట్టినా."

"ఇప్పుడు యాడుండాది?"

బట్టల సంచి నేలమీద పెట్టి ముడి విప్పింది. రెండు చీరలు, ఒక దువ్వెన, ఒక గాజుల డబ్బా. అన్నిటి పైన ఎర్ర రవికెగుడ్డలో కట్టిన చిన్న మూట. దాన్ని రెండు చేతులతో తీసి అద్దం మీద పెట్టింది.

"దీన్ని ఏమిటికి తెచ్చుకున్నావే?" అంది ఈరమ్మ.

"పంపిస్తాననిరి కదత్తా. ఈ ఇంటి పసుపు కుంకుమన్నా నాతో ఉండనీ అని."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు కూడా. దేవుణ్ణి అమ్ముకున్న మనిషి పసుపు పెచ్చులు మూటగట్టుకుని పుట్టింటికి పోదు. నాకు సంబంధించినంతవరకు తీర్పు అక్కడే అయిపోయింది. కానీ నాకు సంబంధించినంతవరకు అయితే చాలదు కదా. పుట్టింటికి పంపేది నేను కాదు.

మూట విప్పాను. నల్లటి, ఎర్రటి పెచ్చులు ఐదారు. పెద్దది సగం రూపాయంత ఉంది. పట్టకారతో కాదు, ఒట్టి వేళ్ళతోనే మెల్లగా తిప్పాను. పైవైపు మసి. లోపలివైపు మాత్రం ముదురు పసుపు, నున్నగా ఉంది. కరెంటు ఇంకా రాలేదు. లేచి ముగ్గురమూ వెలుతురు కోసం మెట్ల దగ్గరికి వెళ్ళాం. ఎండలో పెచ్చును ఏటవాలుగా పట్టుకుంటే పూలతీగ కనబడింది, అద్దంలో బొమ్మలాగ కుడి ఎడమలు మారి, గుంటలు పడి. దాని పక్కన గుబ్బగా అర్ధచంద్రుడు, ఒక చుక్క.

లూప్ ఈరమ్మకు ఇచ్చాను. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి, చివరికి వెనక్కిచ్చేసింది.

"నాకు ఈ అద్దాలు అలవాటు లేదు. ఇట్ల ఇయ్యి."

పెచ్చును ఎడమ అరచేతిలో పెట్టుకుంది. కుడిచేతి చూపుడువేలితో తడిమింది. గుబ్బ దగ్గర వేలు ఆగింది. తర్వాత రూపాయి తీసుకుని తడిమింది, గుంట దగ్గర ఆగింది. మళ్ళీ పెచ్చు, మళ్ళీ రూపాయి. మిరపకాయలు కోసి కోసి పొట్టు లేచిన వేలు అది, ఏం తెలుస్తుందో అనుకున్నాను. ఆమె తొందరపడలేదు. రూపాయిని పెచ్చు మీద బోర్లించి కొంచెం కొంచెంగా తిప్పింది. ఒకచోట అది కూర్చుంది. ఇంక కదలలేదు. ఆ కూర్చోవడం నాకు కూడా కనబడింది.

"మాదే" అంది.

ఆ మాట అని ఆమె మెట్టు మీద కూర్చుంది. కోడలి వైపు చూడలేదు. సిగ్గుపడిందని నాకు తెలుసు. నేను కూడా సిగ్గుపడే ఉన్నాను కాబట్టి పక్కన కూర్చున్నాను. కాసేపటికి రూపాయిని తిప్పి బొమ్మ చూసింది.

"ఈయమ్మ ఎవురు శెట్టెమ్మా?"

"ఇంగ్లీషోళ్ళ రాణి. ఎప్పుడో చచ్చిపోయింది."

"రాణియా? ఇన్నేండ్లూ మా పెద్దమ్మ దేవర అని మొక్కితిమి." పసుపు లేని ఆ మొహాన్ని కొంగుతో తుడవబోతే ఆపాను. తుడవకూడదని చెప్పాను కదా, ఆ పిచ్చి అప్పుడు కూడా పోలేదు నాకు. ఆమె నవ్వింది, ఆ పూటకు మొదటిసారి.

"యా సీమలో పుట్టిందో ఏమో. మా ఇంట్లోకి వచ్చినాక మాదే కదా, ఇప్పుడు కాదంటామా?" అంది.

అన్నాక ఆమెకే తట్టింది తను అన్నదేమిటో. కోడలి వైపు తిరిగింది.

"మీ నాయన పేరు గూడ తీస్తిని" అంది.

"పోనీలే అత్తా."

"పోనిచ్చేది కాదు. ఫోన్ చేసి నేనే చెప్తా ఆయప్పకు." లేచి, నేలమీది బట్టల సంచి తన భుజానికి తగిలించుకుంది. శిరీష అందుకోబోతే ఇవ్వలేదు. "నువ్వు దేవున్ని పట్టుకో. నా చేయి వణుకుతాంది" అని రూపాయినీ పసుపు మూటనూ ఆమె చేతిలో పెట్టింది.

వాళ్ళు బజారులో పోతూ ఉంటే చూస్తూ నిలబడ్డాను. అప్పటికే గొడవ మొదలైంది, మళ్ళీ పసుపు పూయాలా, శుక్రవారం తోమాలా అని. అత్త పూయాలంటుంది. కోడలు తల ఊపుతోంది గాని ఒప్పుకున్నట్టు లేదు.

మరుసటి ఏడు సుగ్గికి పోయే ముందు ఈరమ్మ ఒక్కతే కంచుగంట కొనడానికి అంగడికి వచ్చింది. ఈసారి ఎనుములను పక్కింటివాళ్ళకు అప్పగించి ముగ్గురూ పోతున్నారట. దేవుని రూపాయి ఎవరి దగ్గర ఉందని అడిగాను. "దాని దగ్గరే, ఇంగెవురి దగ్గర?" అంది. తోముడు గురించి కూడా రాజీ కుదిరింది. పూలతీగ వైపు పసుపు పూస్తారు, రాణి మొహం వైపు పూయరు, చింతపండు మాత్రం ఇంక ఎప్పటికీ వద్దు. నాణేల శాస్త్రం ప్రకారం పసుపు కూడా వద్దనే చెప్పాలి. నేను చెప్పలేదు. అది అమ్మకానికి ఉన్న నాణెం కాదు.

ఈ వృత్తిలో కొత్తగా దిగేవాళ్ళు నన్ను అడుగుతుంటారు, అసలు నకిలీ తేల్చడానికి ముందు ఏం చూడాలని. అంచు చూడండి, తూకం వేయండి, నీళ్ళలో దించండి అని చెప్తాను. అవన్నీ నేర్పవచ్చు. నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. నాణేన్ని చూసే ముందు తెచ్చినవాళ్ళను అడగాలి. దీన్ని ఎవరు దాచినారు, ఎట్ల దాచినారు, కడిగినారా, కడిగితే ఊడింది ఏం చేసినారు అని. నిజం ఒక్కోసారి నాణెం మీద ఉండదు, మనం కడిగి పారబోసేదాంట్లో ఉంటుంది. శిరీష పారబోయలేదు కాబట్టి నా తప్పు దిద్దుకోగలిగాను. ఆమె కూడా అందరిలాగే ఆ పసుపునీళ్ళు మోరీలో పోసి ఉంటే, నేను కూర్చున్నచోటి నుంచి విసిరిన ఒక్క మాటతో ఆ పిల్ల మైదుకూరు బస్సెక్కి ఉండేది. నాకు మాత్రం అది నలుగురు తెచ్చే నకిలీల్లో ఒకటిగా మరిచిపోయే సంగతి అయ్యేది.

ఇప్పుడు ఎవరైనా నాణెం తెచ్చి అద్దం మీద పెడితే, ముందు విసనకర్ర పక్కన పెట్టి లేచి నిలబడతాను. చేతిలోకి తీసుకుని, పూర్తిగా చూసేదాకా నోరు మెదపను. మా ఆయనకు ఈ సంగతి చెప్తే నమ్మలేదు. ఒకరోజు పత్తి బేరం వదిలేసి, నేను నిజంగా ఎంతసేపు మాట్లాడకుండా ఉంటానో చూడడానికి అంగడికి వచ్చి బిందెల పక్కన కూర్చున్నారు.